ఖర్చు, దాఖలు, ఖారిజు

"దావా ఖర్చులతో సహా కొట్టివేయడమైనది." సివిల్ తీర్పు అడుగున ఈ వాక్యం చదువుకున్న కక్షిదారుకి ఒకేసారి రెండు దెబ్బలు. అడిగింది దక్కలేదు. పైగా అడిగినందుకు ఎదుటివాడి ఖర్చు కూడా తన నెత్తినే పడింది. ఇదే సంగతిని తెలంగాణలో ఉర్దూ కోర్టుల కాలం చూసిన పెద్దలు "ముకద్దమా ఖారిజైంది" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. అక్కడి ఖర్చుకీ ఇక్కడి ఖారిజుకీ దగ్గర చుట్టరికం ఉంది. రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి.

అరబ్బీలో ఖ-ర-జ అంటే బయటికి పోవడం. పెట్టెలోంచి బయటికి పోయే సొమ్ము ఖర్జ్. పారసీకుల నోట అది ఖర్చ్ అయి, ఉర్దూ దారినా సర్కారు లెక్కల దారినా మన దగ్గరికి వచ్చి ఖర్చు అయింది. పల్లెల్లో ఒత్తు కూడా ఊడిపోయి కర్చుగా స్థిరపడింది. బయట ఉన్నది, బయటికి తీసేసినది ఖారిజ్. భూమి పట్టాలో ఒకరి పేరు తీసి మరొకరి పేరు ఎక్కించడాన్ని బీహారు, ఉత్తరప్రదేశ్‌లలో ఇప్పటికీ "దాఖిల్ ఖారిజ్" అంటారు. అందులోని దాఖిల్ మనకి తెలిసిన దాఖలే. ద-ఖ-ల అంటే లోపలికి వెళ్ళడం. పిటిషన్ దాఖలు చేయడమంటే కాగితాన్ని కోర్టు గడప దాటించి లోపలికి పంపడం. ఆస్తి దఖలు పడటం అంటే చేతికి రావడం. "అలా జరిగిన దాఖలాలు లేవు" అన్నప్పుడు దాఖలా అంటే రికార్డు లోపలికి ఎక్కిన రుజువు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు అరబ్బీ అక్షరం ముక్క రాని ఇళ్ళలో కూడా ఇదే ధాతువు నుంచి వచ్చిన ఇంకో మాట తెలుసు: ఖురూజ్. సౌదీ నుంచి ఇంటికి వచ్చేయడానికి పాస్‌పోర్టుకి దొరకాల్సిన అనుమతి అది. కొడుక్కి ఖురూజ్ ఎప్పుడిస్తారా అని అక్కడి యజమాని కఫీల్ దయ కోసం ఎదురుచూసిన తల్లికి ఖ-ర-జ అర్థం ఏ నిఘంటువూ చెప్పనక్కర్లేదు.

ఈ మాటలన్నీ ఒక్క మనిషి చుట్టూ తిరగడం చూడాలంటే ఆశ్రయం కోరి వచ్చిన విదేశీయుడి కేసు చూడాలి. ప్రాణభయంతో సొంత దేశం వదిలాడు, అదొక ఖురూజ్. ఇంకో దేశంలో దరఖాస్తు దాఖలు చేయాలి. దాఖలుకి ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టుకోలేకపోతే దరఖాస్తు ఖారిజు. దరఖాస్తు ఖారిజైతే మనిషికి మళ్ళీ ఖురూజ్, ఈసారి ఏ చోటి నుంచి పారిపోయి వచ్చాడో ఆ చోటికే. మాటలతో ఆడుకుంటున్నానని అనుకోవద్దు. అమెరికాలో ఈ వ్యవహారం సరిగ్గా ఇలాగే నడుస్తుంది.

అక్కడ ఆశ్రయ దరఖాస్తుకి ఇప్పుడున్న పద్ధతి 1980 నాటి శరణార్థుల చట్టంతో మొదలైంది. ఆ ఫారం పేరు ఐ-589. దానికి రుసుము ఉండేది కాదు. 2020లో 50 డాలర్లు పెట్టబోతే కోర్టు ఆపింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం మాత్రం 100 డాలర్లు పెట్టింది. దరఖాస్తు తేలకుండా ఎన్నేళ్ళు నానితే అన్నిసార్లు, ఏటా మరో 100 డాలర్లు కట్టమంది. పని చేసుకునే అనుమతి మొదటిసారి అడిగినందుకు 550. పేదవాళ్ళమని చెప్పి మాఫీ అడిగే వీలు లేదు. ఏటా కట్టే రుసుము మీద వెంటనే వ్యాజ్యాలు పడ్డాయి. నాకు మింగుడు పడనిది అంకె కాదు, దాని వెనకున్న వరస. దరఖాస్తు పెట్టాక 150 రోజులు గడిస్తే తప్ప పని అనుమతి అడగకూడదు, 180 రోజులు నిండితే తప్ప ఇవ్వకూడదు అన్న నియమం 1990ల నడుమ నుంచీ ఉంది. సంపాదించుకోవద్దని కట్టేసిన చేతిలోంచే డబ్బు తీసుకుంటున్నారన్నమాట.

రుసుము చిన్న ముక్క. పెద్దది వకీలు. అమెరికా వలస చట్టం దరఖాస్తుదారుకి వకీలుని పెట్టుకునే హక్కు ఇస్తూనే, ఆ ఖర్చు ప్రభుత్వానికి పడకూడదని అదే వాక్యంలో చెప్పింది. దొంగతనం కేసులో ముద్దాయికి డబ్బు లేకపోతే సర్కారే వకీలుని ఇవ్వాలని 1963లో గిడియన్ కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చింది. దేశంలోంచి పంపేయడం శిక్ష కాదని అదే కోర్టు 1893లోనే, చైనా కూలీల కేసులో అనేసింది కనుక ఆ సౌకర్యం వలస కోర్టు గడప దాకా రాలేదు. దుకాణంలో చొక్కా దొంగిలించినవాడికి వకీలు దొరుకుతాడు, వెనక్కి పంపితే చంపేస్తారనేవాడికి దొరకడు. 2007 నుంచి 2012 దాకా తేలిన పన్నెండు లక్షలకు పైగా వలస కేసుల్ని ఇంగ్రిడ్ ఈగ్లీ, స్టీవెన్ షేఫర్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. వకీలు ఉన్నవాళ్ళు నూటికి 37 మంది. నిర్బంధంలో ఉన్నవాళ్ళలోనైతే 14 మంది.

మన భాషలో ఖర్చుకి ముందు చేరే మాటలు ముచ్చటగా ఉంటాయి: దారిఖర్చు, చేతిఖర్చు, పైఖర్చు, మట్టిఖర్చు. ఆశ్రయం కోరినవాడి లెక్కలో మొదటి మూడూ కోర్టుఖర్చులోనే కలిసిపోతాయి. సొంత ఊరి పోలీసు కాగితమో, ఆస్పత్రి చీటీయో, పత్రికలో పడ్డ వార్తో చూపించాలంటే ఒక్కోదానికీ ఇంగ్లీషు అనువాదం కావాలి. అనువాదకుడు తనకి రెండు భాషలూ వచ్చని రాసి సంతకం పెట్టాలి. ఒంటి మీది మచ్చలు దెబ్బల వల్ల వచ్చినవేనని డాక్టరు రాసివ్వాలి. వేలిముద్రలకి ఒక ఊరు, విచారణకి ఇంకో ఊరు. వచ్చిన ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలన్న గడువు 1996 నుంచి ఉంది. వకీలుకి డబ్బు కూడబెట్టుకుందామని ఆగితే ఆ గడువు దాటిపోతుంది. నేను హత్యాయత్నం నుంచి తప్పించుకున్నాను అని చెప్పడానికి ఇన్ని రసీదులు.

ఒక్క పద్దు మాత్రం ఇందులో ఖర్చు కాదు. నిర్బంధంలో ఉన్నవాడికి జడ్జి బాండు మీద విడుదల ఇస్తే అది కనీసం 1,500 డాలర్లు ఉండాలని చట్టం. తరచు అంతకన్నా ఎంతో ఎక్కువే వేస్తారు. కానీ ఆ సొమ్ము పోదు. మనిషి విచారణకి హాజరవుతూ ఉంటే కేసు ముగిశాక ఎవరు కట్టారో వాళ్ళకే తిరిగి వస్తుంది. మన రెవెన్యూ భాషలో దీన్ని ధరావతు అంటారు. తిరిగొచ్చిన డబ్బుతో ఇంకొకరిని విడిపించే నిధులు అక్కడ చాలా నగరాల్లో నడుస్తున్నాయి. సాయం చేయాలనుకుని, పోయిన సొమ్ము మళ్ళీ కనపడాలని కూడా ఆశపడే మనబోటి జాగ్రత్తపరులకి ఇంతకన్నా తగిన దారి లేదు.

ఇక్కడ ఎసైలం అనే మాట వైపు ఒకసారి తిరగాలి. గ్రీకులో సూలే అంటే ఎదుటి ఊరివాడి సొత్తుని జప్తు చేసుకునే హక్కు. వాడి ఊరివాడెవడో నాకు బాకీ ఉన్నాడు కనుక వీడి సరుకు పట్టుకుంటాను అనడం. అది చెల్లని చోటు, అలా పట్టుకోవడానికి వీల్లేని మనిషి అసూలోస్. గుళ్ళకీ ఊళ్ళకీ కొందరు మనుషులకీ ఆ రక్షణ ఇచ్చేవారు. అంటే పరాయివాడి మూట మీద చేయి వేయొద్దనడం ఆ మాట పుట్టుకలోనే ఉంది.

1951లో జెనీవాలో శరణార్థుల ఒప్పందం రాసినవాళ్ళకి ఈ గ్రీకు కథ గుర్తుందో లేదో గాని, కోర్టుఖర్చు సంగతి మాత్రం బాగా గుర్తుంది. యూరప్ కోర్టుల్లో లాటిన్ పేరున్న ఒక పాత ఆచారం ఉండేది. విదేశీయుడు దావా వేస్తే, ఓడిపోయి ఖర్చులు ఎగ్గొట్టి పోతాడేమోనని ముందే పూచీ కట్టించుకునేవారు. ఒప్పందం 16వ అధికరణం శరణార్థికి ఆ పూచీ తీసేసింది, తాను నివాసం ఉంటున్న దేశంలో న్యాయసహాయం ఆ దేశ పౌరుడితో సమానంగా అందాలంది. మన సివిల్ ప్రొసీజర్ కోడులో 25వ ఆర్డరు ఇప్పటికీ ఆ పాత అనుమానాన్నే మోస్తోంది: వాది దేశం బయట ఉంటూ ఇక్కడ చాలినంత స్థిరాస్తి లేనివాడైతే ఖర్చులకి హామీ అడగొచ్చు. పక్కనే 33వ ఆర్డరు దానికి విరుగుడు. రుసుము కట్టలేనివాడు కట్టకుండానే దావా వేయొచ్చు. 1976లో చట్టం దాని పేరు మార్చి నిరుపేద దావా అన్నా, కోర్టు వరండాల్లో అది పాపర్ దావాగానే బతుకుతోంది.

ఇక మన మాట శరణార్థి. శరణానికి అమరకోశం ఇచ్చిన అర్థాలు రెండు, ఇల్లు ఒకటి, కాపాడేవాడు ఇంకొకటి. అర్థి అంటే కోరేవాడని అందరికీ తెలుసు. కానీ ధర్మశాస్త్రాల వ్యవహారకాండలో అర్థి అంటే వాది, ప్రత్యర్థి అంటే ప్రతివాది. ప్రత్యర్థిని మనం ఎన్నికల్లోకీ క్రికెట్లోకీ తోలేశాం గాని అతను పుట్టింది న్యాయసభలోనే. ఆ లెక్కన శరణార్థి ఆశ్రయం కోసం చేయి చాచినవాడే కాదు, ఆశ్రయం కోసం దావా వేసినవాడు. ఈ రెండో అర్థం మనం మరిచిపోయాం. అందుకే శరణార్థికి అన్నం, దుప్పటి ఇచ్చేటప్పుడు తడబడని చెయ్యి అతని వకీలు ఫీజు దగ్గర తడబడుతుంది. దుప్పటి జాలి కింద సరిపోతుంది. ఫీజు ఇస్తే అతని దావాలో పస ఉందని మనం ఒప్పుకున్నట్టవుతుంది. కన్నడ వీరశైవులు ఒకరికొకరు ఎదురుపడితే "శరణు శరణార్థి" అని పలకరించుకుంటారు. అందులో ఇద్దరూ శరణార్థులే.

దీనికన్నా పాతకాలపు వాసన వేసే మాట కాందిశీకుడు. ఏ దిక్కుకి పోను అనే సంస్కృత ప్రశ్నే పేరైపోయిన మాట. తెలుగు పత్రికల్లో అది భూమి తగాదాల్లో ఇంకా బతికుంది. దేశవిభజన నాడు పాకిస్తాన్ వెళ్ళిపోయినవాళ్ళు వదిలిన ఆస్తుల్ని కాందిశీకుల భూములు అంటారు. కానీ మన ఇళ్ళలోకి ఆ మాట బర్మా నుంచి వచ్చింది. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు బయల్దేరారు. కోరంగి రేవు పేరుమీద అక్కడ కోరంగీలని పిలిపించుకున్న తెలుగువాళ్ళు వాళ్ళలో ఉన్నారు. చాలామంది ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి నడిచి, అక్కడి నుంచి చిట్టగాంగ్ చేరారు. దారిలో కలరా తుడిచిపెట్టింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు వింటే ఈ కథ గుర్తొచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ కాందిశీకులు బ్రిటిష్ ఇండియా మనుషులే కనుక వాళ్ళనెవరూ దరఖాస్తు అడగలేదు.

అదే అరకాన్, ఇప్పటి రఖైన్, వదిలి వచ్చిన రోహింగ్యాలు హైదరాబాద్‌లో బాలాపూర్ చుట్టుపక్కల కొన్ని వేల మంది ఉన్నారు. భారత్ 1951 ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, ఇక్కడ ఆశ్రయ చట్టమే లేదు. ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల కార్యాలయం ఇచ్చే కార్డు వాళ్ళ ఆధారం. ఆ కార్డుకి రుసుము లేదు. అయినా ఢిల్లీ దాకా వెళ్ళడమే కొందరికి ఎంత వ్యవహారమో 2021లో మణిపూర్ హైకోర్టులో తెలిసింది. సైనిక తిరుగుబాటు తర్వాత మయన్మార్ నుంచి వచ్చిన ఏడుగురి కోసం న్యాయవాది నందితా హక్సర్ పిటిషన్ వేస్తే, వాళ్ళు ఆ కార్యాలయానికి క్షేమంగా చేరేలా చూడమని మే నెలలో కోర్టు ఆదేశించింది. ఒక ఆఫీసుకి పోవడానికి ఒక హైకోర్టు ఉత్తర్వు.

ఇక్కడ ఖర్చు దాఖలు దగ్గర కాక అరెస్టు దగ్గర మొదలవుతుంది. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది గాని, కాగితాలు లేనివాడు నేరస్తుడే అన్న లెక్క మారలేదు. బెయిలు దొరికితే జామీను ఎవరు పడతారు? జామీను కూడా అరబ్బీ మాటే, ఇంకొకరి బాధ్యత నెత్తిన వేసుకున్నవాడు. ఊళ్ళో ఇల్లూ పట్టా ఉన్న మనిషి పరాయి దేశస్తుడి కోసం కోర్టులో వేలిముద్ర వేయాలి. డబ్బు దొరకడం కన్నా ఆ మనిషి దొరకడం కష్టం.

తెలియక వాడుకోనిది ఒకటుంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఉచిత న్యాయసహాయం ఎవరికివ్వాలో చెబుతూ పౌరుడు అనే మాట వాడలేదు, వ్యక్తి అంది. స్త్రీలు, పిల్లలు, నిర్బంధంలో ఉన్నవాళ్ళు, వెట్టికి గురైనవాళ్ళు ఆ పట్టికలో ఉన్నారు. బాలాపూర్ గుడిసెలో ఉన్న ఆడమనిషికి జిల్లా న్యాయసేవల సంస్థ వకీలుని ఇవ్వాలంటే ఆమె ఏ దేశస్తురాలని ఆ సెక్షన్ అడగదు.

ఉచితం అన్న మాట దగ్గర సంస్కృత పండితులకి మనం ఎప్పుడూ లోకువే. సంస్కృతంలో ఉచితమంటే తగినది. అనుచితం, సముచితం, ఔచిత్యం అన్నీ ఆ అర్థంలోనే ఉన్నాయి. తెలుగులో మనం ఉచితాన్ని పైసా ఖర్చు లేనిదిగా చేశాం, బస్సు టిక్కెట్టు నుంచి బియ్యం దాకా. ఉచిత న్యాయసహాయం దగ్గర మాత్రం ఈ రెండు అర్థాల్లో ఏది తీసుకున్నా సరిపోతుంది. న్యూయార్క్‌లో రాబర్ట్ కాట్జ్‌మన్ అనే ఫెడరల్ జడ్జి 2007లో ఒక ప్రసంగంలో పేద వలసదారులకి వకీళ్ళు లేకపోవడం గురించి గట్టిగా మాట్లాడాడు. తర్వాత ఒక బృందాన్ని కూర్చోబెట్టాడు. 2013లో ఆ నగర కౌన్సిల్ ఐదు లక్షల డాలర్లు పెట్టి నిర్బంధంలో ఉన్నవాళ్ళకి వకీళ్ళని ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ దేశంలో అలాంటిది అదే మొదటిది. ప్రభుత్వానికి ఖర్చు పడకూడదన్న మాట వాషింగ్టన్‌కే గాని ఊరి కౌన్సిల్‌కి కాదని వాళ్ళు చదువుకున్నారు.

సాయం చేసేవాళ్ళు మోసపోయే చోటు కూడా ఒక మాట దగ్గరే ఉంది. లాటిన్ అమెరికా దేశాల్లో నొటారియో అంటే పేరున్న న్యాయవాది. అమెరికాలో నోటరీ పబ్లిక్ అంటే సంతకానికి సాక్షి ముద్ర వేసే మామూలు మనిషి, న్యాయం ఓనమాలు కూడా రానక్కర్లేదు. ఈ తేడాని వాడుకుని నొటారియో బోర్డు పెట్టి వేల డాలర్లు గుంజి, తప్పుడు దరఖాస్తులు వేసి, కేసుల్ని ముంచినవాళ్ళ చరిత్ర పెద్దది. తెలుగువాళ్ళం కూడా ఇందులో సులువుగా పడతాం. మన దగ్గర నోటరీ కావాలంటే 1956 నాటి నియమాల ప్రకారం మామూలుగా పదేళ్ళు వకీలుగా పని చేసి ఉండాలి. నోటరీ అనగానే నల్లకోటు గుర్తొచ్చే అలవాటు మనది. తక్కువ ఖర్చులో పని కావాలంటే ఇంకో నమ్మకమైన దారి ఉంది. అక్కడి న్యాయశాఖ గుర్తించిన లాభాపేక్ష లేని సంస్థల్లో, వకీళ్ళు కాకపోయినా కేసు నడిపే అనుమతి పొందిన ప్రతినిధులుంటారు. వాళ్ళ పేర్లు న్యాయశాఖ జాబితాలో ఉంటాయి. డబ్బు ఇచ్చే ముందు అది చూసుకోవాలి. వకీలుకి ఇస్తే కక్షిదారుల సొమ్ము దాచే ప్రత్యేక ఖాతాకి నేరుగా కట్టి రసీదు తీసుకోవాలి.

మన లెక్కల పుస్తకంలో ఖర్చుకి ఎదురుగా ఉండేది జమ. జ-మ-అ అంటే పోగుపడటం. జమాబందీ, జమాతు, జుమ్మా మసీదు, అందరూ నమాజుకి కూడే జుమ్మా రోజు, "జనం జమయ్యారు" అన్న మాట, అన్నీ అక్కడివే. డబ్బు పోగుపడటానికీ మనుషులు పోగుపడటానికీ ఒకటే మాట. చందా కూడా అలాంటిదే. పారసీకంలో చంద్ అంటే కొన్ని, కాసిన్ని. తలా కాసింత వేస్తే చందా.

అమెరికాలో తెలుగువాళ్ళు జమ చేయడంలో తక్కువవాళ్ళేమీ కాదు. చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు కారు ప్రమాదంలో పోయాడని తెలిస్తే ఒక్క రాత్రిలో వేల డాలర్లు పోగవుతాయి, శవపేటిక ఊరికి చేరుతుంది. మట్టిఖర్చు దగ్గర మనకి వెనకాడటం తెలియదు. బతికున్నవాడి కోర్టుఖర్చు అనేసరికి "ఎందుకొచ్చిన గొడవ, అది గవర్నమెంటు వ్యవహారం" అంటాం. ఆ వ్యవహారంలో గవర్నమెంటు ఖర్చు పెట్టనని చట్టంలోనే రాసుకుంది. ఇంకో మాట. పెళ్ళిలో చదివింపులు పేరు పేరునా చదివించుకునే అలవాటు ఈ చందాకి పనికిరాదు. పారిపోయి వచ్చినవాడి పేరు, ఊరు, కథ పదిమందికి చదివితే అక్కడ మిగిలిపోయినవాళ్ళకి ముప్పు. ఇచ్చినవాళ్ళ పేర్లు చదువుకోవాలన్న ముచ్చట ఉంటే అది వేరే పెళ్ళిలో తీర్చుకోవచ్చు.

అమెరికా వలస శాఖకి తపాలాలో పంపే ఆశ్రయ దరఖాస్తుకి రుసుము కార్డుతో కట్టాలంటే దానికి జీ-1450 అనే కాగితం జతచేస్తారు. అందులో దరఖాస్తుదారు పేరుకి ఒక గడి, కార్డు ఎవరిదో వాళ్ళ పేరుకీ సంతకానికీ వేరే గడులు ఉంటాయి. రెండు పేర్లూ ఒకటే కావాలన్న నియమమేదీ లేదు.